రక్తంలో వెతికారు, కంచంలో దొరికింది

(వాడ నుంచి చరిత్ర – 9వ భాగం)



పోయిన భాగంలో డ్రాపెటోమేనియా గురించి రాశాను. 1851లో అమెరికాలోని లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టర్, యజమాని నుంచి పారిపోయే నల్ల బానిసలకు మానసిక జబ్బు ఉందని తేల్చి, దానికి ఆ పేరు పెట్టి, కొరడా దెబ్బల్ని మందుగా రాసిన సంగతి అది. చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్న పిల్లోడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, మా అమ్మకు స్కిజోఫ్రెనియా. పదేళ్ళ సంది గోళీలు ఏసుకుంటది. మా ఊళ్ళె అంటరు, వాళ్ళ రక్తంలనే పిచ్చి ఉన్నదని. డాక్టర్ సారు గూడ జెనెటిక్ అన్నడు. నాకు గూడ వస్తదా?"

నేను డాక్టర్‌ని కాను. ఉద్యమంలో తిరిగినవాణ్ణి, పుస్తకాలు చదువుకున్నవాణ్ణి. అప్పటికప్పుడు ధైర్యం మాట ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ ప్రశ్నలో రెండు గొంతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఊరి గొంతు, ఇంకోటి డాక్టర్ గొంతు. రెండూ ఒకటే మాట అంటున్నట్టు వాడికి వినపడింది. వాటిని విడదీయకుండా జవాబు చెప్పలేను. అందుకే రెండు రోజులు టైం అడిగాను. ఈ భాగం ఆ తమ్ముడి కోసం.

మనసు జబ్బుకు శరీరంలో కారణం వెతకడాన్ని జీవశాస్త్ర దృక్పథం అంటారు. మెదడు, నరాలు, రసాయనాలు, జన్యువులు, సూక్ష్మక్రిములు, ఇలా. మన ఉద్యమకారుల్లో చాలామందికి ఆ మాట వింటేనే అనుమానం. కార్ట్‌రైట్ లాంటివాళ్ళని చూశాక ఆ అనుమానం రావడం న్యాయమే. కానీ అదే దృక్పథం మనుషుల్ని బతికించింది కూడా. ఈ రెండూ ఒకే జబ్బు విషయంలో, ఒకే కాలంలో, ఒకే ఊళ్ళలో జరిగిన కథ ఒకటుంది. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా.

పెల్లాగ్రా ఎలా వస్తుందో ముందు చెప్తాను. ఎండ తగిలే చోటల్లా చర్మం మొదట ఎర్రబడి, తర్వాత నల్లబడి, పెచ్చులు లేస్తుంది. చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు. విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత మనసు మీద పడుతుంది. దిగులు, నిద్ర లేకపోవడం, భయం, ఎవరో ఏదో అంటున్నట్టు వినపడడం, చివరికి మతి తప్పడం. వైద్యం అందకపోతే మనిషి చనిపోతాడు. చర్మం సంగతి వదిలేసి మనసు మాత్రమే చూస్తే ఎవరైనా దాన్ని పిచ్చి అనే అంటారు. అలాగే అన్నారు కూడా.

ఈ జబ్బు చరిత్ర మొక్కజొన్నతో ముడిపడింది. మొక్కజొన్న పుట్టిల్లు మధ్య అమెరికా. అక్కడి మూలవాసులు దాన్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, రుబ్బుకునేవాళ్ళు. అలా తిన్న వాళ్ళకు పెల్లాగ్రా రాలేదు. ఐరోపావాళ్ళు పంటను పట్టుకుపోయారు, సున్నపు నీళ్ళ తెలివిని అక్కడే వదిలేశారు. పండించుకోవడం చవక కాబట్టి మొక్కజొన్న పేదల తిండి అయింది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కాసల్ అనే డాక్టర్ పేద రైతుల్లో ఈ జబ్బును గుర్తించి రాశాడు. 1771లో ఇటలీలో ఫ్రాపోలి అనే ఆయన దానికి పెల్లాగ్రా అని పేరు పెట్టాడు. గరుకు చర్మం అని అర్థం. మొక్కజొన్న తినే పేద ఇళ్ళలోనే ఎందుకొస్తోందో మాత్రం ఇంకా నూటయాభై ఏళ్ళ దాకా తేలలేదు.

ఇక అమెరికాకు వద్దాం. 1906లో అలబామా రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే చోట నల్లజాతివాళ్ళ కోసం విడిగా పెట్టిన పిచ్చాసుపత్రిలో ఒక వింత జబ్బు లేచింది. పిచ్చాసుపత్రిలోనూ వాడ వేరే, గమనించండి. 88 మందికి జబ్బు చేసింది, 57 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. జార్జ్ సియర్సీ అనే డాక్టర్ అది పెల్లాగ్రా అని గుర్తించి 1907లో ప్రచురించాడు. రోగులకు జబ్బు ఉంది, వాళ్ళకు సేవ చేసే నర్సులకు లేదు. ఇద్దరి తిండీ వేరు.

ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాలన్నిటా వేలల్లో కేసులు బయటపడ్డాయి. పిచ్చాసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో, జైళ్ళలో, బట్టల మిల్లుల చుట్టూ వెలసిన కూలీల ఊళ్ళలో, పత్తి చేలల్లో. నల్లవాళ్ళలో, పేద తెల్లవాళ్ళలో. 1940 దాకా కలిపి దాదాపు 30 లక్షల మందికి సోకిందని, లక్ష మంది దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎందుకొస్తోంది ఈ జబ్బు?

1912లో దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో థాంప్సన్–మెక్‌ఫాడెన్ కమిషన్ పని మొదలుపెట్టింది. ఇల్లిల్లూ తిరిగారు. ఇది తిండి వల్ల కాదు, అంటువ్యాధి అయ్యుండొచ్చు అని తేల్చారు. ఆ సమాచారాన్నే తీసుకుని చార్లెస్ డావెన్‌పోర్ట్ అనే జీవశాస్త్రవేత్త కుటుంబ వృక్షాలు గీశాడు. ఈయన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో 1910లో యూజెనిక్స్ రికార్డ్ ఆఫీసు పెట్టిన మనిషి. మంచి వంశాలు పెరగాలి, చెడ్డ వంశాలు ఆగిపోవాలి అనే సిద్ధాంతం యూజెనిక్స్. తండ్రికి వచ్చింది, బిడ్డకు వచ్చింది, మనవడికి వచ్చింది కాబట్టి ఈ జబ్బుకు లొంగే తత్వం రక్తంలోనే దిగుతోంది అని 1916లో ప్రచురించాడు. క్రిమి పాత్ర లేదని ఆయన అనలేదు. క్రిమి సోకినా ఎవరి ఒంట్లో ఎలా ముదురుతుందో వంశం నిర్ణయిస్తుందన్నాడు.

తండ్రి, బిడ్డ, మనవడు ఒకే రక్తం పంచుకున్నారు, నిజమే. ఒకే కుండలో ఉడికిన తిండి కూడా పంచుకున్నారు. ఒకే భూస్వామి దగ్గర ఒకే అప్పు కూడా పంచుకున్నారు. కుటుంబ వృక్షం గీసేటప్పుడు కుండనూ అప్పునూ గీయడానికి గడి లేదు. అందుకని రక్తమే కనపడింది.

ఆ కుండను చూసినవాడి పేరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్. 1874లో ఇప్పటి స్లొవేకియాలో ఉన్న ఒక ఊళ్ళో యూదు కుటుంబంలో పుట్టాడు. పసితనంలో తల్లిదండ్రులతో వలస వచ్చి న్యూయార్క్‌లో వలసకూలీల పేటలో పెరిగాడు. డాక్టరయ్యి ప్రభుత్వ ప్రజారోగ్య శాఖలో చేరాడు. 1914లో ఆయన్ని పెల్లాగ్రా మీద పనికి దక్షిణాదికి పంపారు. ఆసుపత్రులూ ఆశ్రమాలూ తిరిగితే కనపడింది ఒకటే. లోపలున్నవాళ్ళకు జబ్బు ఉంది, వాళ్ళను చూసుకునే సిబ్బందికి లేదు. అంటువ్యాధి అయితే సిబ్బందిని ఎందుకు వదిలేస్తుంది? వంశం అయితే ఏ చుట్టరికమూ లేని అనాథ పిల్లలకు ఒకే ఆశ్రమంలో ఎలా వస్తుంది?

మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో రెండు అనాథాశ్రమాల్లో పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు పెట్టించాడు. జబ్బు దాదాపు మాయమైంది. జార్జియాలోని మిల్లెడ్జ్‌విల్ పిచ్చాసుపత్రిలో ఒక తెల్లవాళ్ళ వార్డులో, ఒక నల్లవాళ్ళ వార్డులో తిండి మార్చాడు. రెండు చోట్లా అదే ఫలితం. రంగు వేరైనా కడుపు ఒకటే కదా.

అయినా నమ్మలేదు. 1915లో మిసిసిపీ రాష్ట్రంలో రాంకిన్ జైలు తోటలో 11 మంది తెల్లజాతి ఖైదీలకు గవర్నర్ క్షమాభిక్ష ఆశ చూపి, దక్షిణాది పేదలు తినే తిండే నెలల తరబడి పెట్టారు. ఆరుగురికి జబ్బు వచ్చింది. విడుదల ఆశ చూపి ఖైదీకి జబ్బు తెప్పించడం న్యాయమా? కాదు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. పేదల పక్షాన నిలబడిన శాస్త్రం కూడా చేతికి దొరికిన శరీరాల మీదే ప్రయోగం చేసిందని మనం మర్చిపోకూడదు. ఆ తర్వాత, 1916లో, గోల్డ్‌బర్గర్ తన శరీరాన్నీ పెట్టాడు. అంటువ్యాధి కాదని నిరూపించడానికి తనూ, భార్య మేరీ, మిగతా వలంటీర్లూ కలిసి 16 మంది రోగుల రక్తం ఎక్కించుకున్నారు, వాళ్ళ చర్మపు పెచ్చులు, మలమూత్రాలు మింగారు. ఒక్కరికీ పెల్లాగ్రా రాలేదు.

మన కోణంలో ఆయన చేసిన అన్నిటికంటే పెద్ద పని ఇంకోటి. 1916 నుంచి ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థిక గణాంకవేత్తతో కలిసి దక్షిణ కరోలినాలో ఏడు మిల్లు ఊళ్ళను ఇల్లిల్లూ లెక్కగట్టాడు. ఏ ఇంట్లో ఎంత సంపాదన, ఎన్ని పాలు, ఎంత మాంసం, ఎవరికి జబ్బు. సంపాదన తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. సంపాదన ఒకటే అయినా, చుట్టుపక్కల రైతులు పాలు, తాజా మాంసం తెచ్చి అమ్మే ఊళ్ళో తక్కువ, కంపెనీ కొట్టు తప్ప దిక్కులేని ఊళ్ళో ఎక్కువ. ఇంట్లో ఉన్న కాస్త మంచి తిండీ పనికెళ్ళే మగవాళ్ళకూ పిల్లలకూ పోగా, ఆడవాళ్ళకే జబ్బు ఎక్కువ పట్టింది.

ఇలాంటి తిండి వాళ్ళకెందుకు వచ్చింది? బానిసత్వం పోయాక నల్లవాళ్ళకు భూమి ఇవ్వలేదు. పాలుకు చేసుకునే కౌలు వచ్చింది. భూస్వామి ఇంటి గడప దాకా పత్తే వేయాలన్నాడు. కూరగాయలకు చోటు లేదు, ఆవుకు మేత లేదు. పంట వచ్చేదాకా భూస్వామి కొట్టులోనే అప్పు మీద సరుకు. మొక్కజొన్న పిండి, ఉప్పులో ఊరిన పంది కొవ్వు, చెరకు పాకం. పాలమూరు వాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నాగు తెచ్చుకుని, కల్లంలోనే వడ్డీతో కొలిచిచ్చి, ఖాళీ గోనెతో ఇంటికొచ్చిన తాతలు మన ఇళ్ళలో ఉన్నారు. 1921లో పత్తి ధర పడిపోయినప్పుడు పెల్లాగ్రా పెరుగుతుందని ప్రజారోగ్య శాఖ హెచ్చరించింది. అధ్యక్షుడు హార్డింగ్ సాయం సంగతి ఎత్తితే, దక్షిణాది నాయకులకు కోపమొచ్చింది. మా ప్రాంతంలో ఆకలి ఉందంటారా, మా పరువు తీస్తారా అని. ఈ పరువు మాట మనకు తెలీనిదా?

గోల్డ్‌బర్గర్ 1929లో క్యాన్సర్‌తో చనిపోయాడు. తిండిలో లేనిదేదో ఆయనకు చివరిదాకా దొరకలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వీజెమ్ అనే శాస్త్రవేత్త అది నికోటినిక్ ఆమ్లం అని కనుక్కున్నాడు. మనం ఇప్పుడు నియాసిన్, బీ3 విటమిన్ అంటున్నది అదే. ఆసుపత్రి మంచాల మీద మతి తప్పి పడున్న మనుషులకు అది ఇస్తే, రోజుల్లోనే తేరుకుని తమ పేరు తాము చెప్పారు. అది చిన్న విషయం కాదు. పిచ్చి అని రాసి పక్కన పెట్టిన మనిషి లేచి కూర్చున్నాడు. జీవశాస్త్రం చేసిన మంచి అది.

అయితే ఇంకో సంగతీ జరిగింది. 1940ల్లో పిండిలోనూ రొట్టెలోనూ విటమిన్లు కలపడం మొదలయ్యింది. జబ్బు తగ్గిపోయింది, సంతోషం. కానీ గోల్డ్‌బర్గర్, సైడెన్‌స్ట్రికర్ లెక్కగట్టి చూపించిన భూమి ప్రశ్న, కూలి ప్రశ్న ఆ విటమిన్ సీసా వెనక్కి వెళ్ళిపోయాయి. మందు దొరికింది కాబట్టి ఇక కారణం గురించి మాట్లాడనక్కర్లేదు అనుకున్నారు.

మరి రక్తం సిద్ధాంతం ఏమైంది? డావెన్‌పోర్ట్ ఆఫీసులో హ్యారీ లాఫ్లిన్ అనే ఆయన, పనికిరానివాళ్ళు అని ముద్రవేసిన మనుషులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేందుకు ఒక నమూనా చట్టం రాశాడు. 1927లో వర్జీనియాలో క్యారీ బక్ అనే పేద అమ్మాయి కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాన్ని ఒప్పుకుంది. ఆ దేశంలో 60 వేల మందికి పైగా ఈ ఆపరేషన్లకు గురయ్యారు. 1933లో నాజీలు చేసిన చట్టంలో లాఫ్లిన్ నమూనా ఛాయలున్నాయి. జర్మనీలో సుమారు 4 లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత ఆపరేషన్లతో ఆగలేదు. 1940, 41ల్లో ఆసుపత్రుల నుంచి 70 వేల మందికి పైగా మానసిక రోగుల్నీ వికలాంగుల్నీ తీసుకెళ్ళి గ్యాస్‌తో చంపారు.

ఒక తేదీ దగ్గర నేను ఆగిపోయాను. 1916 మే 9. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ళ అంబేద్కర్ 'భారతదేశంలో కులాలు' పత్రం చదివిన రోజు. డావెన్‌పోర్ట్ పెల్లాగ్రా రక్తంలో ఉందన్నదీ, గోల్డ్‌బర్గర్ రోగి పెచ్చులు మింగి కాదన్నదీ అదే ఏడాది, అదే దేశంలో. వీళ్ళు ఒకరికొకరు తెలుసని నేననడం లేదు. కానీ యూజెనిక్స్ గాలి ఆ రోజుల్లో ఎంత గట్టిగా వీస్తోందో బాబాసాహెబ్‌కు తెలుసు. 1936లో 'కుల నిర్మూలన' రాసినప్పుడు, కులం రక్తశుద్ధిని కాపాడుతుంది, మేలిజాతిని తయారుచేస్తుంది అనే వాదాన్ని ఆయన వదల్లేదు. కులం నిజంగా మేలిజాతిని తయారుచేసి ఉంటే ఈ దేశపు జనం శరీరాలు ఇలా ఎందుకున్నాయని నిలదీశాడు. రక్తం పేరు చెప్పేవాణ్ణి ఫలితం చూపించమని అడిగాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

ఇక మన ఇంటికొద్దాం.

కూనూరులో ఉన్న పౌష్టికాహార పరిశోధనా ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు మారింది. ఇవాళ తార్నాకలో మనం ఎన్ఐఎన్ అని పిలుస్తున్నది అదే. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా అక్కడ గమనించిందేమిటంటే, పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ళకే వస్తుందని ప్రపంచం అనుకుంటుంటే, దక్కన్‌లో అది జొన్న తినే పేద కూలీల్లో కనపడుతోంది. 1960లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువుండడం కారణం కావచ్చన్నారు. దాని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా వాదం నడిచింది. ఆ వాదం సంగతి ఎలా ఉన్నా, రోగులు నిజం. చర్మం పగిలి, దిగులుతో కుంగిపోయి ఆసుపత్రి గడప తొక్కిన మన కూలీలు నిజం. వైద్య పత్రాల్లో 'పేద వ్యవసాయ కూలీలు' అని ఉంటుంది. మా పక్క సెంటు భూమి లేని కూలీ ఏ వాడలో ఉంటాడో నాకు పత్రం చూసి తెలుసుకోనక్కర్లేదు.

జొన్నను దోషిని చేయకండి. గటకలోకి పప్పు, పాలు, కూర, మాంసం దొరికినవాళ్ళు అదే జొన్న తిని రాయిలా ఉన్నారు. గటకలోకి ఇంత ఉప్పు, మిరపకారం తప్ప ఏదీ లేనివాడికే జబ్బు. తర్వాత్తర్వాత రేషన్ బియ్యం వచ్చి, తిండి మారి, ఇక్కడ పెల్లాగ్రా అరుదైపోయింది.

నా చిన్నప్పుడు మా వాడలో ఒక పెద్దమ్మ ఉండేది. ఎండాకాలం వస్తే ఆమె చేతులు కాలిన తోలులా నల్లబడేవి. మెడ చుట్టూ కూడా. మెల్లగా మాట తగ్గింది. పిల్లల పేర్లు మర్చిపోయేది. వేపచెట్టు కింద కూర్చుని తనలో తను ఏదో అనుకునేది. ఊళ్ళో వాళ్ళు "ఆ ఇంటి రక్తమే అంత" అన్నారు. మా వాడ వాళ్ళు "గాలి సోకింది" అన్నారు. ఆమె ఏం తింటోందని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఆమెది పెల్లాగ్రాయేనని ఇప్పుడు నేను ఒట్టేసి చెప్పలేను. ఈ చరిత్ర చదివినప్పటి నుంచి మాత్రం ఆ చేతులు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

తమ్ముడూ, ఇక నీకు జవాబు.

మీ అమ్మది పెల్లాగ్రా కాదు. స్కిజోఫ్రెనియాలో వంశం పాత్ర ఉన్నమాట నిజం. అది దాచి నీకు ధైర్యం చెప్పడం మోసం అవుతుంది. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే పదిమందిలో ఒకరికి వచ్చే అవకాశం ఉందని పరిశోధనలు చెప్తున్నాయి. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి రాదు. ఒక్క జన్యువు వల్ల వచ్చేది కాదది. ఎన్నో జన్యువులు తలా కాస్త. వాటికి తోడు మనిషి బతికిన బతుకు. డాక్టర్ జెనెటిక్ అన్నప్పుడు చెప్పింది ఈ లెక్క. ఊరు రక్తం అన్నప్పుడు చెప్పింది మీ ఇంటి స్థాయి. ఆ రెండు మాటల్నీ కలిపి నెత్తిన పెట్టుకుని తిరగకు.

అమ్మ గోళీలు ఆపించకు. మందుల కంపెనీల మీద నాకూ కోపం ఉంది. కానీ ఆ కోపానికి అమ్మ మాత్రలు బలి కాకూడదు. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టర్‌ని గట్టిగా అడుగు. సారూ, జెనెటిక్ అంటే ఎంత? ఇంకా ఏమేం కారణాలుంటాయి? ఈ మందుతో పాటు అమ్మ ఏం తినాలి, ఎంత నిద్రపోవాలి, ఏ పని చేయొచ్చు? నీ సంగతి కూడా చెప్పు. నిద్ర పట్టకపోతే, మనసు బాగోకపోతే దాచుకోకుండా ముందే వెళ్ళు. అందులో సిగ్గేం లేదు.

మిగతా తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. రేపు మీలో కొందరు డాక్టర్లవుతారు, నర్సులవుతారు, సైకాలజీ చదువుతారు. మీ ముందుకు ఒక కేస్ షీట్ వస్తుంది. అందులో కుటుంబ చరిత్ర అని ఒక గడి ఉంటుంది. దాన్ని తప్పకుండా నింపండి. దాని పక్కనే, గడి లేకపోయినా, ఏం తింటున్నారు, ఎవరి దగ్గర పనిచేస్తున్నారు, ఎంత అప్పుంది అని రాయండి. ఏడు ఊళ్ళలో గోల్డ్‌బర్గర్ చేసిన పని అంతే.

తర్వాతి భాగంలో క్యారీ బక్ గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్.